బావ మందు మానేస్తానంటున్నాడు, అడ్మిట్ కాకుండా ట్రీట్‌మెంట్ కుదురుతుందా? (వైజాగ్)

గాజువాక_చెల్లి:
మా అక్క భర్త, 41 ఏళ్లు, షిఫ్టుల ఉద్యోగం, అదీ కాంట్రాక్టు. క్వార్టర్‌తో మొదలైంది ఇప్పుడు రోజూ హాఫ్ దాకా వచ్చింది. పొద్దున చేతులు వణుకుతాయి, ఒక పెగ్గు పడితే గానీ టీ గ్లాసు పట్టుకోలేడు. ఈసారి తనే మానేస్తానన్నాడు, కానీ నెలరోజులు లోపల ఉంటే జీతం పోతుంది, పైగా "పిచ్చాసుపత్రికి రాను" అని గొడవ. రోజూ వెళ్లొచ్చేలా ఏమైనా ఉందా? అన్నంలో తెలియకుండా కలిపే పౌడర్ ఉందని ఎవరో చెప్తే అక్క తెప్పించింది కూడా.

వార్డు_సిస్టర్:
అమ్మా, ముందు ఆ పౌడర్ పక్కన పెట్టించు. అలాంటివాటిలో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. అందులో ఉన్నది డైసల్ఫిరామ్ (మందు మాన్పించడానికి వాడే మాత్ర) అయితే, దాని మీద మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు, ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. డాక్టర్లు అదే మాత్ర ఇస్తారు, కాకపోతే మనిషికి చెప్పి, ఒప్పించి.

రెండోది, పొద్దున వణుకు ఉందన్నావు కదా, ఇంట్లో ఒక్కసారిగా మాన్పించొద్దు. ఆపిన రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేని మనుషులు కనపడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం కూడా జరుగుతుంది. ఇంతకుముందు ఫిట్స్ వచ్చి ఉంటే కొన్ని రోజులు అడ్మిట్ చేయడమే మంచిది. లేకపోతే, ఇంట్లో కనిపెట్టుకునే మనిషి ఉంటే, డోసు రోజురోజుకీ తగ్గించే మాత్రలు, బీ1 విటమిన్ ఇచ్చి ఓపీలోనే చూడొచ్చు. అది డాక్టరే తేల్చాలి.

మానేసినోడు:
నేను ఓపీలోనే మానాను. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి గేటు దగ్గర తువ్వాలు ముఖానికి కప్పుకుని నిలబడ్డా, లోపలికి వెళ్తే లైన్లో మా వీధివాడే ఉన్నాడు, ఇద్దరం నవ్వుకున్నాం. మొదటి వారం మాత్రలతో గడిచిపోతుంది, అసలు గొడవ తర్వాతే, జీతం రోజు, పెళ్లిళ్లు, ఆదివారం ఆర్కే బీచ్‌లో ఫ్రెండ్స్. ఆ ఆశ తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ ఇచ్చారు, లివర్ టెస్టు చేశాకే. రెండుసార్లు జారాను. జారినప్పుడు మా ఆవిడ తిట్టకుండా మళ్లీ ఓపీకి లాక్కెళ్లింది, అదే పనిచేసింది అనుకుంటా.

కంచరపాలెం_అన్న:
మా తమ్ముడిది గంజాయి. దానికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదన్నారు, కౌన్సెలింగే. వెళ్లడానికి సిగ్గయితే ముందు 14446కి ఫోన్ చేయండి, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కూడా ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

గాజువాక_చెల్లి:
పౌడర్ అక్క పారేసింది. గురువారం నైట్ షిఫ్టు దిగగానే తీసుకెళ్తున్నాం. ఆ పొద్దున ఒక పెగ్గు వేసుకుని రావచ్చా అని అడుగుతున్నాడు, ఏం చెప్పను?

వార్డు_సిస్టర్:
వేసుకుంటే దాచొద్దని చెప్పు. ఎప్పుడు ఎంత తాగాడో చీటీ మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. బండి మాత్రం అతనికి ఇవ్వకండి.