మూత్రనాళం సన్నబడింది: మళ్లీ లోపల కోయించాలా, యూరెత్రోప్లాస్టీ చేయించాలా?

మాది గాజువాక. మా నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. గుండె ఆపరేషన్ అప్పుడు యూరిన్ పైపు వేశారు. కొన్ని నెలలకే ధార దారంలా సన్నబడింది. బాత్‌రూమ్‌లో గోడ పట్టుకుని ముక్కుతూ నిలబడతారు, అయినా పూర్తిగా వచ్చినట్టు ఉండదంటారు. పైపు ఒరుసుకుని, మానిన చోట మచ్చ కట్టి నాళం ఇరుకైందని డాక్టరుగారు చెప్పారు. సన్నని కెమెరా గొట్టం పంపి లోపలే కోసి వెడల్పు చేశారు. మళ్లీ మూసుకుపోయింది. మూత్రనాళంలోకి మందు ఎక్కించి తీసే ఆర్‌జీయూ ఎక్స్‌రేలో ఇరుకు సుమారు 3 సెం.మీ. కనిపించింది.

ఇంకోసారి కోద్దామని ఒకరంటున్నారు. తిరగబెట్టాక కోత ఎక్కువకాలం నిలవదు, బుగ్గ లోపలి పొర తీసి నాళానికి అతికించే యూరెత్రోప్లాస్టీయే మేలని మరొకరు. నాకూ అదే సబబనిపిస్తోంది. కానీ నాన్నగారు ఏళ్ల తరబడి ఖైనీ నమిలారు, ఆ పొర పనికొస్తుందో లేదోనని టెన్షన్.

విశాఖలో, కేజీహెచ్‌లో గానీ ప్రైవేటులో గానీ, ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పైపు ఎన్నాళ్లు ఉంచారు? నోరు మానేదాకా ఏం తినగలిగారు? ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించిందా? దయచేసి చెప్పండి, ఆయన బాధ చూడలేకపోతున్నాం.