అప్‌డేట్: కారు ఇంటికొచ్చింది, హ్యాండ్లింగ్ ఛార్జీలు కట్టలేదు

ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి, హ్యాండ్లింగ్ ఛార్జీలు (బండిని గోడౌన్ నుంచి షోరూమ్‌కి తెచ్చినందుకంటూ వేసే అదనపు డబ్బు) కట్టాలి అని శ్రీకాకుళంలో ఒక షోరూమ్ వాళ్లు పట్టుబడుతున్నారని మొన్న అడిగాను కదండీ. కారు వచ్చేసింది.

"ఈ హ్యాండ్లింగ్ దేనికో కాస్త కాగితం మీద రాసివ్వు బాబూ" అని మా మావయ్య అడిగేసరికి, సేల్స్ కుర్రాడు మేనేజర్ గదిలోకి వెళ్లి కొత్త కొటేషన్ పట్టుకొచ్చాడు. అందులో ఆ లైనే లేదు! ఇన్సూరెన్స్ బయటే తీసుకున్నాం, చాలానే తగ్గింది. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) 3 ఏళ్లకు తప్పనిసరి, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) ఏడాదికి తీసుకుంటే చాలు. రెండూ విడివిడిగా చూపించమంటే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతబడ్డాయని క్లెయిమ్ డబ్బు కొయ్యకుండా ఉండే కవర్) మాత్రం వదల్లేదు, మా రోడ్లు తెలుసుగా.

బండిని పట్టపగలే చూడమన్నవాళ్లకి దండం. టైరు మీద నాలుగంకెల్లో మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయి కానీ స్టెప్నీ మరీ పాతది. మూతి ముడుచుకుంటూనే మార్చిచ్చారు. బండి తయారైన నెల ఫారం 22లో (తయారీ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) ఉంటుంది, పూర్తి డబ్బు కట్టకముందే అడిగి చూశాం.

సీఎన్‌జీ వద్దనుకున్నాం. డిక్కీలో సిలిండరుంటే ఊరి నుంచి బియ్యం బస్తా ఎక్కడ పెడతాం?

పూజ అరసవల్లిలో అయింది. ఇక సీట్ కవర్లే మిగిలాయి. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగులున్నాయి, వాటికి అడ్డం రాకుండా కుట్టేవాళ్లు టౌన్లో ఎవరైనా ఉంటే చెప్పండి.