కాన్పయిన ఆరు వారాలకే వేళ్లు బిగుసుకుపోతున్నాయి, ఆర్‌ఏ (రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం) అన్నారు – పాలు మాన్పించాల్సిందేనా?

పాలకొల్లు అక్క:
మా చెల్లెలి గురించి అడుగుతున్నాను. వయసు 27, బరువు 60 కిలోలు, తొలి కాన్పు, సిజేరియన్. బాబుకి 11 వారాలు, తల్లిపాలే పడుతోంది. ఆరో వారం నుంచి పొద్దున లేస్తే పిడికిలి మూసుకోవడం లేదు, తొమ్మిదిన్నర దాటితే గానీ వేళ్లు వదలవు. రెండు మణికట్లూ, రెండు చేతుల్లో చూపుడువేలు, నడిమివేలు మొదళ్లూ వాచాయి. అత్తగారేమో "బాలింత వాతం, పచ్చి ఒంటితో చన్నీళ్లలో చేతులు పెట్టింది" అంటున్నారు.
రిపోర్టులు: ఆర్‌ఏ జాడ చెప్పే యాంటీబాడీలు ఆర్‌ఎఫ్ 86 (ల్యాబు హద్దు 20), యాంటీ సీసీపీ 200 పైన, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ 58, సీఆర్‌పీ 24, హిమోగ్లోబిన్ 9.8. యూరిక్ యాసిడ్, ఏఎస్‌ఓ మామూలుగానే ఉన్నాయి. ఎముకల డాక్టరుగారు మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. రాసి పాలు ఆపేయమన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు. వేరే దారి ఏమైనా ఉందా? బిడ్డను ఎత్తుకోవాలంటేనే వణుకుతోంది. పథ్యం ఎంతవరకు పాటించాలి?

కీళ్లపట్టీ:
ముందు అత్తగారి మాట. చన్నీళ్ల వల్ల ఇది రాదు. గర్భంతో ఉన్నంతకాలం తల్లి రోగనిరోధక శక్తి బిడ్డను తోసేయకుండా కొంత తగ్గి ఉంటుంది, కాన్పయ్యాక ఆ పగ్గం వదులుతుంది. అప్పటికే ఆర్‌ఏ ఉన్నవాళ్లకు గర్భంలో నొప్పులు తగ్గి కాన్పు తర్వాత తిరగబెట్టడం, లేనివాళ్లకు తొలి ఏడాదిలో, అందులోనూ మొదటి మూడు నెలల్లో కొత్తగా మొదలవడం డాక్టర్లకు బాగా తెలిసిన తీరే. గర్భంలో కీళ్లవాపు తగ్గడాన్ని గమనించిన అమెరికా డాక్టరు ఫిలిప్ హెంచ్ ఆ ఆరా పట్టుకునే పోయి 1948లో కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వాడి చూశాడు, 1950లో నోబెల్ అందుకున్నాడు.

ఇక లెక్క. ఆర్‌ఏను తేల్చడానికి డాక్టర్లు వాడే 2010 నాటి కొలమానంలో పదికి ఆరు వస్తే ఆర్‌ఏ. మీరు రాసినవి ఆరు చిన్న కీళ్లు, అంటే 3. ఆర్‌ఎఫ్, సీసీపీల్లో ఏదైనా హద్దుకు మూడు రెట్లు దాటితే 3. సీఆర్‌పీ పెరిగినందుకు 1. నొప్పులు మొదలై ఇంకా ఆరు వారాలు నిండలేదు కాబట్టి వ్యవధికి సున్నా. అయినా 7 వచ్చింది. బాలింతల్లో ఈఎస్‌ఆర్ కొన్ని వారాలు ఊరికే ఎక్కువ ఉంటుంది, దాన్నొక్కదాన్నే చూసి భయపడకూడదు. కానీ ఇక్కడ సీసీపీ ఉంది, అది ఊరికే పెరగదు. ఏఎస్‌ఓ, యూరిక్ యాసిడ్‌లకు పెట్టిన డబ్బు మాత్రం దండగ, ఆర్‌ఏ ఉందో లేదో అవి చెప్పవు.

చేయించనివి చాలా ఉన్నాయి: టీఎస్‌హెచ్ (కాన్పు తర్వాత థైరాయిడ్ కూడా చెడుతుంది), ఏఎన్‌ఏ, మూత్రంలో ప్రొటీన్ (లూపస్ అనే మరో రోగనిరోధక జబ్బు కూడా ఇదే అదనులో బయటపడుతుంది), హెపటైటిస్ బి, సి, లివర్, క్రియాటినిన్, చేతులతోపాటు పాదాల ఎక్స్‌రే. పాదాలు నొప్పి లేకపోయినా తీయించాలి, ఎముక కొరుకుడు చాలాసార్లు మొదట అక్కడే కనబడుతుంది. ఊళ్లో జ్వరాలున్న రోజులైతే చికున్‌గున్యా కూడా చూడాలి. ఆ తర్వాత రుమటాలజిస్టు (కీళ్లవాతాల నిపుణుడు) దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

మందుచీటీ:
మెథోట్రెక్సేట్ వాడుతూ పాలివ్వొద్దనేదే ఇప్పటి సలహా. ఆ డాక్టరుగారు తప్పు చెప్పలేదు, రెండో దారి చెప్పలేదు, అంతే.

పాలిస్తూ వాడగలిగినవి ఇవి. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు. 60 కిలోలకు 300, కాబట్టి ఒకరోజు 200, మర్నాడు 400 అని రాస్తుంటారు. మొదట్లో ఒకసారి కంటి పరీక్ష ఉండాలి. దాని గుణం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, చాలామంది నెలకే "పనిచేయలేదు" అని మానేస్తారు. సల్ఫాసాలజైన్ రోజుకు 500 మి.గ్రా.తో మొదలై వారానికో 500 పెరిగి, పూటకు 1 గ్రాము చొప్పున రెండు పూటలకు చేరుతుంది. అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం నారింజ రంగుకు తిరిగితే కంగారొద్దు. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తకణాలు, లివర్ చూడాలి. బిడ్డ నెల తక్కువవాడైనా, కామెర్లు తగ్గకపోయినా, జీ6పీడీ లోపం (ఎర్రకణాలు తేలిగ్గా విరిగే పుట్టు లోపం) ఉన్నా ఈ మందు వద్దు. బిడ్డ విరేచనంలో రక్తం కనబడితే ఆపి పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఈ రెండూ అందుకునేదాకా వంతెనలా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 5 నుంచి 10 మి.గ్రా. పొద్దున తిన్నాక. 20 లోపైతే పాలకు అడ్డం లేదు, అంతకు మించితే వేసుకున్న నాలుగు గంటల దాకా ఆగి పట్టాలి. హఠాత్తుగా ఆపకూడదు, మెల్లగా దించాలి. నొప్పికి ఐబుప్రోఫెన్ ఫరవాలేదు. కాకపోతే స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదముంది, కాబట్టి కడుపుకు కాపు మందు అడగండి. లెఫ్లునోమైడ్, టోఫాసిటినిబ్ మాత్రం పాలిచ్చేవాళ్లకు కూడదు. చవగ్గా దొరుకుతోందని టోఫాసిటినిబ్ రాసేస్తున్నారు, చీటీ చూసుకోండి. ఇంజెక్షన్లలో సెర్టోలిజుమాబ్ పాలలోకి దాదాపుగా రాదు, ఖరీదే ఎక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. సీసీపీ ఇంత ఎక్కువున్నవాళ్లకు జబ్బు మొండిగా ఉండొచ్చు. మూడు నెలల్లో మెరుగు కనబడకపోతే మందు మార్చాలి, ఆరు నెలలకు వాపు దాదాపు పోవాలి. అప్పుడు మెథోట్రెక్సేట్ తప్పదంటే పాలు ఒక్కరోజులో మాన్పించొద్దు, రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది. రెండు మూడు రోజులకో పూట తగ్గించుకుంటూ రావాలి. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు, అందుకే చీటీ మీద వారం పేరు రాయించుకోండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజున. గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి, మళ్లీ బిడ్డ కావాలనుకుంటే కనీసం మూడు నెలల ముందు ఆపాలి.

చేతిపని:
బిడ్డను ఎత్తే పద్ధతి చెబుతాను. చంకల కింద బొటనవేళ్లు పెట్టి ఎత్తడమే అందరూ చేసే తప్పు, బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఒక ముంజేయి పిర్రల కిందికి, ఇంకోటి మెడా వీపుల కిందికి జార్చి, ఒంటికి హత్తుకుని మోచేతులతో లేపాలి. చీర ఉయ్యాల మానండి, లోతులోంచి వంగి తియ్యాల్సి వస్తుంది. నడుమెత్తు మంచం మీద పడుకోబెట్టడం మేలు. పాలిచ్చేటప్పుడు తలను అరచేత్తో మోయకుండా ఒళ్లో రెండు దిళ్లు పేర్చి, తల ముంజేతి మీద ఆనేలా. రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకుని ఇస్తే సరి.

బొటనవేలి మొదట్లో ప్రత్యేకంగా నొప్పి ఉందా? బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూసి, చిటికెనవేలి వైపు మణికట్టు వంచితే చురుక్కుమంటే అది డీ క్వెర్వేన్, అంటే బొటనవేలి స్నాయువుల వాపు. బాలింతల్లో మామూలే, ఆర్‌ఏతో కలిసీ ఉండొచ్చు. దానికి బొటనవేలిని కూడా పట్టే పట్టీ కావాలి, ఉత్త మణికట్టు పట్టీ చాలదు.

పొద్దున మొదటి పాలకు ముందు గోరువెచ్చని నీళ్ల బేసినులో పది నిమిషాలు చేతులుంచి, వేళ్లు చాచడం, కొక్కెంలా వంచడం, పిడికిలి మూయడం, తలా ఐదుసార్లు. వావిలాకు వేసుకుంటానన్నా అభ్యంతరం లేదు, పనిచేసేది వేడి. రబ్బరు బంతి పిసకమని ఎవరైనా చెబితే వినకండి. వాచిన కణుపులకు అది హాని. రాత్రి పట్టీతో పడుకుని పగలు తీసేయాలి. పొత్తిగుడ్డలు పిండకుండా అరచేత్తో అదిమి తీగ మీద వేయండి, ముడుల జబ్లాలకు బదులు వెల్క్రోవి కొనండి. చపాతీ పిండి కలిపే పని ఇంకొకరు చూసుకోవాలి.

పాలకొల్లు అక్క:
చాలా థాంక్సండీ. మరి 14 వారాల టీకాలు? ఇంట్లో కారప్పొడి, వెల్లుల్లి అన్నమే పెడుతున్నారు. కీళ్లకు పొడి ఇచ్చేచోటికి తీసుకెళ్తామంటున్నారు.

మందుచీటీ:
హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసాలజైన్, ఆ కొద్దిపాటి ప్రెడ్నిసోలోన్ పాలలో చేరినంత మాత్రాన బిడ్డ టీకా ఏదీ ఆపక్కర్లేదు, తారీఖుకే వేయించండి.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర మాన్పిస్తే 9.8 ఉన్న హిమోగ్లోబిన్ ఇంకా దిగుతుంది. వంకాయ, బంగాళాదుంప వల్ల ఆర్‌ఏ రాదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్ర (60 మి.గ్రా.) మామూలుగా రోజుకొకటి (రక్తం తగ్గినవాళ్లకు రెండు ఇస్తారు, డాక్టరును అడగండి), కాల్షియం 500 రెండు పూటలు, కాన్పయ్యాక 180 రోజులు. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటబట్టదు, రెండు గంటల ఎడం ఉంచండి. కీళ్లవాపే రక్తాన్ని కొంత తగ్గిస్తుంది కనుక ఐరన్‌తో అంతా పెరగకపోవచ్చు.

చీటీ లేని పొడి రెండు రోజుల్లో నొప్పి మాయం చేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుకోవాలి. ఎంత డోసో తెలియదు, పాలలో ఎంత పోతుందో తెలియదు, ఆపిన నాడు కుప్పకూలుతారు.

ఒక్క కీలే ఎర్రబడి, కాలిపోతూ, జ్వరంతో ఉంటే అది ఆర్‌ఏ తిరగబెట్టడం అనుకోవద్దు. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడైతే మరీను. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, కీలులో నీరు తీయించి పరీక్షకు పంపాలి.