పాయింటర్‌ని సూచిక అనడం నాకు నచ్చట్లేదు, ఆచూకీ అంటే ఎలా ఉంటుంది?

అందరికీ నమస్తే. మా తమ్ముడి కూతురు తెలుగు మీడియంలో చదివి డిప్లొమాలో చేరింది, నిన్న సీ ప్రోగ్రామింగ్ భాష చెప్పమని కూర్చుంది. తన దగ్గరున్న తెలుగు నోట్సులో పాయింటరూ (మెమరీలో ఒక గడి ఎక్కడుందో గుర్తుపెట్టుకునేది) సూచికే, అర్రేలో (పక్కపక్కనే పేర్చిన గడుల్లో) ఏ గడో చెప్పే ఇండెక్సూ సూచికే. "సూచికకి సూచిక కలిపితే సూచిక వస్తుందంట, ఇదేంటి పెదనాన్నా" అంది. తప్పు లేదు, పాయింటర్‌కి ఇండెక్స్ కలిపితే ఇంకో పాయింటరే వస్తుంది, కానీ అలా రాస్తే ఏ పిల్లకి అర్థమవుద్ది చెప్పండి.

అందుకే ఆచూకీ అని చెప్పా. నల్ అంటే, అంటే పాయింటర్ దేన్నీ చూపించకపోతే, ఆచూకీ లేదు. ఫ్రీ చేసేసిన (వాడుకుని వదిలేసిన) మెమరీని ఇంకా పట్టుకుని ఉంటే, ఆచూకీ చేతిలో ఉంది గానీ వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వెంటనే పట్టేసింది.

అర్రేని వరస అన్నా. సీలో వరస పేరు చాలాచోట్ల దాని మొదటి గడి ఆచూకీగా మారిపోతుంది, ఇక్కడే దెబ్బ తింటారు అందరూ. ఈ పిల్ల పది మార్కులున్న వరసని ఫంక్షన్‌కి పంపి, లోపల సైజాఫ్‌తో (ఎన్ని బైట్లో చెప్పేది) ఎన్ని గడులో లెక్కేసి లూప్ తిప్పితే రెండే మార్కులు కూడింది. బయట 40 బైట్లు, లోపలికెళ్ళాక అది ఉత్త ఆచూకీ, 8 బైట్లు, ఒక్కో మార్కు ఇంట్ (పూర్ణసంఖ్య), దాని సైజు 4తో భాగిస్తే 2. జావాలో ఈ బాధ లేదు, వరసకి తన పొడవు తనకే తెలుసు, హద్దు దాటితే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న కబురు) విసురుతుంది, ఆచూకీకి ఒకటి కలిపి పక్కింటికి పోదామంటే అసలు కుదరదు. గో భాష వాళ్ళు మధ్యే మార్గం పట్టారు, వాళ్ళ స్లైస్‌లో (వరసలో కొంత భాగాన్ని చూపించేది) ఆచూకీ, పొడవు, కెపాసిటీ (ఎంతవరకు పెరగొచ్చో) మూడూ కలిసి తిరుగుతాయి, అదే మామూలు అర్రేని ఇంకో వేరియబుల్‌కి ఇస్తే మొత్తం కాపీ అయిపోతుంది.

ఇండెక్స్‌కి మాత్రం ఒక్క మాట సరిపోదేమో. ఫోర్ట్రాన్ భాషలో మామూలుగా 1 నుంచి మొదలు, అంటే ఎన్నో గడి అని. సీలో 0 నుంచి, అంటే మొదటి గడి నుంచి ఎంత దూరం అని. అందుకే వరస[3] బదులు 3[వరస] అని, బ్రాకెట్ బయట 3 పెట్టి లోపల వరస పేరు రాసినా సీలో కంపైల్ అయిపోతుంది, ఎటు నుంచి కూడినా కూడికే కదా.

— చిరునామా అని మంచి మాట ఉంది కదండీ, మళ్ళీ ఆచూకీ ఎందుకు?

— చిరునామాని అడ్రస్‌కి ఉంచేద్దామండీ. మనిషి ఇల్లు మారితే ఆచూకీ మారుతుంది, ఆ ఇంటి చిరునామా మారదు. పాయింటర్‌ని ఇవాళ ఒక గడికి, రేపు ఇంకో గడికి తిప్పుతాం, గడి అడ్రస్ మాత్రం అదే. రెండు పనులున్నప్పుడు రెండు మాటలుండాలి.

— బావుందండీ. మరి పాయింటర్‌కి పాయింటర్?

— ఆచూకీ తెలిసినవాడి ఆచూకీ. ఊళ్ళో రోజూ అనే మాటే అది.