డిగ్రీలోనే రీసెర్చ్ మొదలుపెట్టాలంటే ఎవరిని అడగాలి?

కవిటి అమ్మాయి:
శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగేవాళ్లని చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, తాగే నీళ్ల వల్లేమోనని అనుమానం, అందుకే నీళ్ల మీద రీసెర్చ్ చేయాలని గట్టిగా ఉంది. కాలేజీలో అడిగితే పీజీ అయ్యాక చూద్దువులే అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆమదాలవలస అన్న:
పీజీ దాకా ఆగొద్దు చెల్లీ. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో, వైజాగ్ ఏయూలో నీళ్ల మీద పనిచేసేవాళ్లు ఎవరున్నారో గూగుల్ స్కాలర్‌లో (రీసెర్చ్ పేపర్లు వెతికే సైట్) వెతుకు, వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి అప్పుడు మెయిల్ రాయి. ఏం చదివావు, ఎక్కడ అర్థం కాలేదు, వారానికి ఎన్ని గంటలు రాగలవు, ఈ మూడూ ఉంటే చాలు. అందరికీ ఒకటే మెయిల్ కొడితే ఎవరూ పట్టించుకోరు. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ గుర్తుచెయ్యి, తప్పేం కాదు.

లెక్చరర్, విజయనగరం:
బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు అకాడమీలతో కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి తప్పకుండా అప్లై చెయ్యమ్మా. రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో పని, స్టైపెండ్ కూడా ఇస్తారు.

ల్యాబ్ అక్క:
ఈలోపు శాంపిల్ పట్టడం నేర్చుకో. బోరు కాసేపు కొట్టి పాత నీళ్లు వదిలేయాలి, సీసాని ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి నింపాలి, తేదీ, టైమ్, చోటు అప్పటికప్పుడే సీసా మీద రాయాలి. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పేది), టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెప్పేది) మీ కాలేజీ ల్యాబ్‌లోనే చూడొచ్చు. జనాల ఆరోగ్య వివరాలు మాత్రం సొంతంగా సేకరించకు, దానికి ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే రీసెర్చ్ సరైన పద్ధతిలో ఉందో లేదో చూసే కమిటీ) అనుమతి ఉండాలి.