సీపీయూ ఖాళీగానే ఉంది, బిల్లు పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది: గ్రాఫానాలో ఎక్కడ చూడాలి?

బరంపురం నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో బట్టల హోల్‌సేల్ షాపులవాళ్లు వాడే బిల్లింగ్ అప్లికేషన్ ఒకటి నేను చూసుకుంటున్నాను. జావాలో స్ప్రింగ్ బూట్‌తో రాసింది, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, దగ్గరపడుతోంది కదా, సాయంత్రం ఆరు దాటితే చీరల ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడే "బిల్లు రావట్లేదు బాబూ" అంటూ సగం ఒడియాలో, సగం తెలుగులో ఫోన్లు. అంకెలు పోగేసే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రాఫానా పెట్టాను. సీపీయూ ముప్పై శాతం దాటదు. సగటు రెస్పాన్స్ టైము 0.3 సెకన్లే చూపిస్తోంది. మెట్రిక్స్ (కొలతల) జాబితా తెరిస్తే వందల పేర్లు. క్వెరీలు రాయడం నాకు రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాయగడ నుంచి:
తమ్ముడూ, ముందు ఆ సగటును నమ్మడం మానెయ్. వంద రిక్వెస్టుల్లో 95 రిక్వెస్టులు 0.1 సెకనులో అయిపోయి, మిగతా ఐదింటికి నాలుగేసి సెకన్లు పట్టినా సగటు 0.3 దాటదు. నీకు ఫోన్ చేసేది ఆ ఐదుగురే.

క్వెరీ రాయక్కర్లేదు. గ్రాఫానా కొత్త వెర్షన్ అయితే ఎడమ పక్క మెనూలో డ్రిల్‌డౌన్ అని ఉంటుంది, అందులో మెట్రిక్స్ నొక్కు. పాత వెర్షన్లలో దీన్నే ఎక్స్‌ప్లోర్ మెట్రిక్స్ అనేవాళ్లు. డేటా సోర్స్ ఎంచుకుని వెతికేచోట "హెచ్‌టీటీపీ సర్వర్ రిక్వెస్ట్స్" అని కొట్టు. ప్రతి మెట్రిక్‌కూ ఒక చిన్న గ్రాఫ్ తనే గీసి పెడుతుంది. కౌంటర్ (పెరుగుతూ పోయే లెక్క) అయితే రేట్, అంటే సెకనుకు ఎంత పెరుగుతోందో, కూడా తనే వేసుకుంటుంది. ఒకటి ఎంచుకున్నాక లేబుల్స్ వారీగా విడగొట్టు: యూఆర్ఐ (రిక్వెస్ట్ వెళ్లే దారి), స్టేటస్, ఇన్‌స్టాన్స్. ఏ లేబుల్ దగ్గర ఒక గీత మిగతావాటిని వదిలి పైకి లేస్తోందో చూసి, దాన్ని ఫిల్టర్‌లో పెట్టుకో. టైము సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకే పెట్టు. రోజంతా పెడితే ఆ గూను కనపడదు.

బరంపురం నుంచి:
అన్నా, చూశాను. యూఆర్ఐ వారీగా విడగొడితే బిల్లు సేవ్ చేసే దారి ఒక్కటే ఆరున్నరకు లేస్తోంది. కానీ 95వ పర్సంటైల్ (వందలో 95 రిక్వెస్టులు ఎంత టైములోపు అయిపోతున్నాయో ఆ అంకె) ఎక్కడా లేదు. కౌంట్, సమ్, మ్యాక్స్ మాత్రమే ఉన్నాయి. పైగా గ్రాఫ్‌ను దగ్గరికి లాగితే "నో డేటా" అంటోంది.

పర్లాకిమిడి నుంచి:
రెండూ మామూలుగా వచ్చేవేనండి, టెన్షన్ పడకండి.

పర్సంటైల్ లెక్కకు బకెట్లు, అంటే ఎంత టైములోపు ఎన్ని రిక్వెస్టులు అయ్యాయో విడివిడి లెక్కలు, కావాలి. స్ప్రింగ్ బూట్‌లో కొలతలు తీసే మైక్రోమీటర్ వాటిని మీరు అడిగితే తప్ప ఇవ్వదు. అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో హెచ్‌టీటీపీ సర్వర్ రిక్వెస్ట్స్‌కు పర్సంటైల్స్ హిస్టోగ్రామ్ ట్రూ అని పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. అప్పటినుంచి వచ్చే డేటాకే బకెట్లు ఉంటాయి, నిన్నటి సాయంత్రానికి దొరకవు. ఇది పెడితే సిరీస్‌ల (ప్రొమీథియస్ విడిగా దాచే ఒక్కో కొలత వరుస) సంఖ్య బాగా పెరుగుతుంది కాబట్టి ఈ ఒక్క మెట్రిక్‌కే పెట్టండి. షాపు నంబరు, ఫోన్ నంబరు లాంటివి ఎవరు అడిగినా లేబుల్‌గా పెట్టొద్దు. ఒక్కో విలువకు ఒక్కో సిరీస్ పుట్టి ప్రొమీథియస్ మెమరీ అంతా తినేస్తుంది.

ఇక నో డేటా సంగతి. రేట్ లెక్కకు తీసుకునే కాల వ్యవధిలో, అంటే కిటికీలో, కనీసం రెండు శాంపిల్స్ ఉండాలి. ప్రొమీథియస్ కాన్ఫిగ్ ఫైల్‌లో స్క్రేప్ ఇంటర్వెల్ ఇవ్వకపోతే స్క్రేప్, అంటే అప్లికేషన్ నుంచి అంకెలు లాక్కోవడం, నిమిషానికోసారి జరుగుతుంది. గ్రాఫానా మాత్రం 15 సెకన్లకోసారి అనుకుని, దానికి నాలుగింతలు, అంటే ఒక్క నిమిషం కిటికీ తీసుకుంటుంది. నిమిషంలో రెండు శాంపిల్స్ పడవు కదా. డేటా సోర్స్ సెట్టింగ్స్‌లో స్క్రేప్ ఇంటర్వెల్ 60 సెకన్లు అని పెట్టండి, చాలు. డాష్‌బోర్డు పాడైందనుకుని మొత్తం పీకి మళ్లీ పెట్టేవాళ్లను కూడా చూశాను.

బరంపురం నుంచి:
మేడం, రెండూ కుదిరాయి. ఏడు గంటలప్పుడు 95వ పర్సంటైల్ నాలుగు సెకన్ల పైనే ఉంది. సీపీయూ ఖాళీగా ఉంటే మరి ఈ టైమంతా ఎక్కడ పోతోంది?

రాయగడ నుంచి:
పని చేస్తూ కాదు, ఎదురుచూస్తూ పోతోంది. అదే డ్రిల్‌డౌన్‌లో "హికారీ" అని వెతుకు. డేటాబేస్ కనెక్షన్ల మెట్రిక్స్ వస్తాయి. యాక్టివ్ (వాడుకలో ఉన్నవి), పెండింగ్ (కనెక్షన్ కోసం ఎదురుచూసేవి) రెండూ చూడు. నువ్వు మార్చకపోతే పూల్‌లో, అంటే సిద్ధంగా ఉంచుకునే కనెక్షన్ల గుంపులో, గరిష్ఠంగా పదే ఉంటాయి. యాక్టివ్ పది దగ్గర అతుక్కుపోయి, పెండింగ్ అదే నిమిషంలో లేస్తే దొంగ దొరికినట్టే. వెంటనే పదిని యాభై చేసెయ్యకు. ఒక్కో కనెక్షన్‌ను ఎంతసేపు పట్టుకుంటున్నారో యూసేజ్ అనే మెట్రిక్ చెప్తుంది, ముందు అది చూడు.

బరంపురం నుంచి:
నువ్వు చెప్పినట్టే ఉంది అన్నా. యూసేజ్ మూడు సెకన్లు చూపిస్తోంది. కోడ్ తీసి చూస్తే బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్ లోపలే షాపువాడికి ఎస్ఎంఎస్ పంపే కాల్ ఉంది. ఆ ఎస్ఎంఎస్ గేట్‌వే సాయంత్రాలు నత్తనడక. కాల్‌ను ట్రాన్సాక్షన్ బయటికి తెచ్చాను, అయినా పెద్ద తేడా లేదు.

పర్లాకిమిడి నుంచి:
జేపీఏ (జావా నుంచి డేటాబేస్‌ను వాడే పద్ధతి) వాడుతున్నారా? అయితే ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్ స్ప్రింగ్ బూట్‌లో మొదటినుంచీ ట్రూగా ఉంటుంది. ట్రాన్సాక్షన్ అయిపోయినా రిక్వెస్ట్ ముగిసేదాకా కనెక్షన్‌ను వదలదు. దాన్ని ఫాల్స్ చెయ్యండి. ఎస్ఎంఎస్‌ను క్యూలో పడేసి వేరే థ్రెడ్‌తో పంపితే ఇంకా మంచిది, షాపువాడు బిల్లు కోసం దానికి ఆగక్కర్లేదు. ఫాల్స్ చేశాక లేజీ లోడింగ్ (అవసరమైనప్పుడే డేటా తెచ్చుకోవడం) ఎర్రర్లు ఎక్కడైనా వస్తాయేమో అన్ని పేజీలూ ఒకసారి తిప్పి చూడండి.

బరంపురం నుంచి:
రెండూ చేశాను. నిన్న సాయంత్రం 95వ పర్సంటైల్ సెకను లోపే, పెండింగ్ సున్నా. పూల్ పదే ఉంచాను. ఫోన్ ఒక్కటీ రాలేదు. ఇద్దరికీ చాలా థాంక్స్. చివరగా ఒక్కటి: ఈ యాత్ర సీజన్ లెక్కలు వచ్చే యాత్రకు పోల్చి చూసుకోవచ్చా?

రాయగడ నుంచి:
ప్రొమీథియస్ మామూలుగా 15 రోజుల డేటానే ఉంచుకుంటుంది, ఠాకురాణి యాత్రేమో రెండేళ్లకోసారి. రిటెన్షన్ (డేటా ఉంచుకునే కాలం) అంతకాలం పెంచితే డిస్క్ నిండిపోతుంది. నేనైతే రిటెన్షన్ మూడు నెలలు చేసి, యాత్ర వారంలో గంటవారీ అంకెలు మాత్రం ఒక షీట్‌లో దించి పెట్టుకుంటాను. రిటెన్షన్ మార్చేముందు డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూసుకో.