పిల్లల మానసిక చికిత్స కేంద్రంలో పడక గదుల్లోనూ కెమెరాలు పెట్టొచ్చా?

వేపచెట్టు:
12 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఉంచుకుని చికిత్స చేసే ఒక కేంద్రం, పడక గదుల్లో సీసీ కెమెరాలు పెట్టి రాత్రి అటెండర్లను ఇద్దరి నుంచి ఒకరికి తగ్గిస్తానంటోంది. తల్లిదండ్రుల్లో సగం మంది సరేనన్నారు. నాకు మాత్రం ఒప్పుకోవాలనిపించడం లేదు. మీరేమంటారు?

పాలపిట్ట:
ఒప్పుకోవద్దు. కెమెరా చూస్తుందే గానీ లేచి పరుగెత్తదు. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఒక్క తెరపై పదహారు గళ్లు, వాటిని చూసే మనిషే ఫోనూ ఎత్తాలి, గేటూ తీయాలి. పైగా రాత్రి ఒక పిల్లకు ఫిట్స్ వచ్చి అటెండరు ఆమె దగ్గరే ఉండిపోతే మిగతా పిల్లలకు దిక్కెవరు?

రాత్రి ఒక తనిఖీకీ మరో తనిఖీకీ మధ్య పావుగంట మించకూడదు, కానీ సరిగ్గా 10.15, 10.30కే వస్తే ఏ సమయంలో ఎవరూ రారో పిల్లలు రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు. అందుకే ఒకసారి ఏడు నిమిషాలకు, ఇంకోసారి పన్నెండుకు వెళ్లాలి. దుప్పటి కింద ఆకారం కనిపిస్తే చాలదు. మొహం కనిపించాలి, ఛాతీ కదలాలి.

గోదారిగట్టు:
పాలపిట్ట గారూ, హాని చేసేది ఆ అటెండరే అయితే? 2018లో బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతి గృహంలో లైంగిక దాడుల ఘోరం బయటపడింది టాటా సామాజిక శాస్త్రాల విద్యాసంస్థ (టిస్) బృందం తనిఖీకి వెళ్లి పిల్లలతో మాట్లాడటం వల్ల. రాత్రి రెండింటికి ఏ తలుపులోకి ఎవరు వెళ్లారో వరండా కెమెరా చెబుతుంది. పడక గదిలో, స్నానాల గదిలో వద్దు, అంతవరకు మీతోనే ఉన్నాను. వరండాలో మాత్రం ఉండి తీరాలి.

కానీ రికార్డింగు ఎన్నాళ్లుంటుందో అడగండి. పదహారు కెమెరాలు, ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు దాదాపు 345 జీబీ. 2 టీబీ డిస్కు ఆరు రోజులకే నిండి పాతది చెరిగిపోతుంది. భయపడ్డ పిల్ల నోరు విప్పడానికి వారాలు పడుతుంది. నెల నిలవాలంటే 10 టీబీ పైమాటే.

పాలపిట్ట:
వరండా సంగతిలో మీ మాటే సరి. తనిఖీ రిజిస్టరు బాగోతం పట్టుకోవడానికీ అదే పనికొస్తుంది. రాత్రంతటి సంతకాలు తెల్లవారుజామున ఒకే కలంతో, ఒకే ఊపులో పెట్టేస్తుంటారు. వారానికో గంట ఎంచుకుని రిజిస్టరునూ రికార్డింగునూ పోల్చితే తేలిపోతుంది.

అయినా సాక్ష్యం వేరు, రక్షణ వేరు. 2020లో అమెరికాలోని మిషిగన్‌లో, కలమజూ పట్టణంలోని ఒక కేంద్రంలో పదహారేళ్ల అబ్బాయి భోజనశాలలో బ్రెడ్డు ముక్క విసిరాడని సిబ్బంది నేలకు అదిమిపట్టారు. రెండు రోజులకు చనిపోయాడు. అంతా వీడియోలో ఉంది. ఛాతీ మీద బరువు పడితే "ఊపిరాడటం లేదు" అనే ఓపిక కూడా త్వరలోనే పోతుంది. గొడవ సద్దుమణిగిందని పట్టుకున్నవాళ్లు అనుకునేది ఆ క్షణంలోనే.

గోదారిగట్టు:
మన చట్టంలోనూ దీనికి జవాబుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షను ప్రకారం సిబ్బంది చాలరన్న కారణంతో ఎవరినీ కట్టడి చేయకూడదు. కట్టడి చేసిన ప్రతిసారీ 24 గంటల్లోపు నామినేటెడ్ ప్రతినిధికి, అంటే పిల్లల విషయంలో మామూలుగా తల్లిదండ్రులకో సంరక్షకులకో, చెప్పాలి. 87వ సెక్షను ప్రకారం ఆ ప్రతినిధి గానీ, ఆయన పెట్టిన మనిషి గానీ పిల్ల దగ్గర మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. ప్రతినిధి మగవాడైతే ఆడపిల్లకు ఆడ సహాయకురాలు తప్పనిసరి.

వేపచెట్టు:
ఆ కేంద్రం వారానికి ఒక్కసారే కలవనిస్తోంది. అటెండర్లను తగ్గించే సంగతి తర్వాత, రేపు ముందు 87వ సెక్షను గురించే కేంద్రానికి రాసి ఇస్తాను.